తువ్వాలు కింద చెయ్యి

13 జనవరి 1941, సోమవారం

త్రినాధరావు డాక్టరు రోజూ నాలుగు ముక్కలు రాయమన్నాడు. ఏం రాయాలంటే, ఏదైనా రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు, చెయ్యి కదలడం ముఖ్యం అన్నాడు. డాక్టరీ చదివి వచ్చి ఏడాదైనా కాలేదు, యాభై దాటిన నాకు ఇంపోజిషన్ ఇచ్చి వెళ్ళాడు. సరే, రాస్తున్నాను. తెలుగులోనే రాస్తున్నాను. మా అమీరున్నీసాకి ఉర్దూ చదవడం వచ్చు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. కనుక ఇందులో ఆవిడ గురించి ఏమైనా రాసుకోవచ్చు. పెళ్ళైన ముప్పై ఏళ్ళకి నాకీ స్వేచ్ఛ దొరికింది.

జరిగినది పెద్దదేమీ కాదు. బక్రీదుకి ముందు ఒక తెల్లవారుజామున, నమాజుకి వజూ చేసుకుంటూ కుడిచేతి మీద నీళ్ళు పోసుకున్నాను. నీళ్ళు పడ్డట్టు తెలిసింది. కానీ పక్కవాడి చేతి మీద పడ్డట్టు తెలిసింది. రాత్రి దాని మీద పడుకున్నాను కాబోలు అనుకున్నాను. మర్నాడూ అంతే. బలం మాత్రం ఏమీ తగ్గలేదు, బెల్లం దిమ్మ ఎత్తమంటే ఇప్పుడే ఎత్తుతాను. చొక్కా బొత్తాం పెట్టుకోవాలంటే మాత్రం కిందికి చూసుకోవాలి. చూడకపోతే వేళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియదు.

డాక్టరుని పిలిచింది నేను కాదు, ఆవిడ. ఆయన నన్ను కళ్ళు మూసుకోమని కుడిచేతిలో ఏదో పెట్టాడు. వక్క అన్నాను. మార్కెట్లో ధర చెప్పినంత గట్టిగా అన్నాను. కళ్ళు తెరిస్తే బీరువా తాళంచెవి. తర్వాత పెట్టినదాన్ని దువ్వెన అన్నాను, అది చెంచా. అవే వస్తువులు ఎడంచేతిలో పెడితే ఒక్కటీ తప్పలేదు. తలుపు చాటున అమీరున్నీసా నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మెదడులో ఎడమవైపు ఒక సన్నటి రక్తనాళం పూడుకుపోయి ఉంటుందట. చెడినది కుడిచెయ్యి అయితే ఎడమవైపు అంటాడేమిటి? కుర్రాడికి ఇంకా కుడీ ఎడమా కుదరలేదు.

నయమవుతుందా అని అడిగాను. కొంత కావచ్చు, కాకపోనూవచ్చు అన్నాడు. మందు లేదట, వాడకమే మందట. నా పనేమిటో అప్పుడు ఆయనకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది, కాకినాడ మనిషి కదా. అయ్యా, నేను బెల్లం దళారిని. మా మార్కెట్లో కొనేవాడు ధర నోటితో అనడు. వాడి చెయ్యీ నా చెయ్యీ తువ్వాలు కింద కలుస్తాయి. వేలు మొత్తం పడితే రూపాయి, కణుపు నొక్కితే అణా. ఎంతమంది నిలబడి చూస్తున్నా ఎవడెంత అన్నాడో నా చేతికి ఒక్కదానికే తెలుస్తుంది. అందరి చేతులూ అయ్యాక పెద్ద ధర నేను పైకి చెబుతాను. నేను చెప్పిందే ధర, ఇక తిరుగు లేదు.

డాక్టరు విని నా కుడిచేతిని మళ్ళీ తిప్పి చూశాడు. ఆ చూడడం నాకు నచ్చలేదు.

14 జనవరి

పండగ. మార్కెట్టు లేదు. చెయ్యి బాగానే ఉంది.

15 జనవరి

నిన్న రాసింది నిజమే. అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో. చూస్తూ రాశాననుకోండి. చూడకుండా రాసేవాడు మాత్రం ఎవడు?

17 జనవరి, శుక్రవారం

అమీరున్నీసా వైద్యం ఒకటుంది. ఏది చెడితే అది తినాలి. కాళ్ళు పీకితే మేక కాళ్ళ పులుసు, రక్తం తగ్గితే కార్జం. డాక్టరు మెదడు అని నోరు జారాడు కనుక ఈ రోజు సుభాని మాంసం కొట్టు నుంచి మేకమెదడు వచ్చింది. బేసిన్లో వేసి కడుగుతోంది, సరిగ్గా అప్పుడే డాక్టరు వచ్చాడు. చూశాడు. ఆయన మొహం పెళ్ళివారింట లడ్డూ చూసిన పిల్లాడి మొహమైంది. "కొయ్యకండమ్మా, ఒక్క నిమిషం" అని బేసిన్ అందుకుని అరుగు మీద చతికిలబడ్డాడు. ఆవిడ తలుపు చాటుకి వెళ్ళింది.

ఇక పాఠం. ఇదిగో రెండు భాగాలు, మధ్యన గాడి. ఇది పెద్దమెదడు. ఆలోచన, మాట, జ్ఞాపకం, కావాలని చేసే ప్రతి పనీ ఇక్కడే. పైన ఈ మడతలు చూశారా, మనిషికి ఇంకా ఎక్కువ. మనిషి మెదడు మడతలు విప్పి పరిస్తే చిన్న తువ్వాలంత అవుతుంది. అది విని నా భుజం మీది తువ్వాలు తడుముకున్నాను. నా తలలో ఒకటి, భుజం మీద ఒకటి. ఏ తువ్వాలు కింద ఏం జరుగుతోందో పైవాడికే తెలియాలి.

వెనక ఉన్న ఈ చిన్న ముద్ద చిన్నమెదడట. ఒళ్ళు తూలకుండా చూడడం దాని పని. కల్లు తాగినవాడు ఊగేది ఇది మత్తులో పడితేనట. దాని ముందు కాడలా ఉన్నది ఊపిరీ గుండే చూసుకుంటుంది, మనం నిద్రపోయినా అది నిద్రపోదు. ఆ కాడ కొస వేలాడుతున్న తెల్లటి తాడు వెన్నుపాము. మనిషికైతే చిటికెనవేలంత లావు, వెన్నుపూసల గొట్టంలోంచి మెడ దగ్గర మొదలై నడుము దాకా దిగుతుంది. దారి పొడుగునా అటూ ఇటూ నరాలు చేతులకీ కాళ్ళకీ పోతాయి. హుకుంలు దిగేది దాని గుండానే, వార్తలు ఎక్కేదీ దాని గుండానే.

తలుపు చాటు నుంచి, ఆ తాడు తను ఎప్పుడూ కోసి పారేస్తానని ఆవిడ అంది. డాక్టరు బాధపడ్డాడు. అది పారేస్తే మెదడు చెప్పిన మాట కాలికి ఎలా చేరుతుందమ్మా అన్నాడు.

"మేక ఇంకెక్కడికెల్లాల, డాక్టరు బాబూ?" అంది ఆవిడ.

ఎడమ సంగతి కూడా తేలింది. చేతుల నుంచి వచ్చే దారులు పైకి వెళ్ళేటప్పుడు ఒకదాన్నొకటి దాటుకుంటాయట, కుడివి ఎడమకి, ఎడమవి కుడికి. నేను మనసులో ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను. పైకి చెప్పలేదు, పాఠం ఇంకా పెరుగుతుంది. మెదడు మీద ఒక చోట ఒళ్ళంతటి స్పర్శకీ పట్టా రాసి ఉందట. వీపు అంత పెద్దదైనా దానికి సెంటు భూమి, వేళ్ళకి ఎకరం. నాకు పోయింది ఆ ఎకరంలోనే.

"మీ వేళ్ళకేమీ కాలేదు, సాహెబ్ గారూ. నరాలకీ కాలేదు. టెలిగ్రాములు వస్తూనే ఉన్నాయి. చదివే పోస్టుమాస్టరు లేడు."

సెలవు ఎన్నాళ్ళండీ అని అడిగాను. ఆయన నవ్వాడు గానీ చెప్పలేదు. పక్క ఊరి పోస్టుమాస్టరు ఎవరైనా ఆ పని నేర్చుకోవచ్చు, నేర్పాలి, ఓపిక కావాలి అన్నాడు. తర్వాత కూర వండాక రెండుసార్లు వడ్డించుకున్నాడు.

18 జనవరి

మెదడు తిన్నాను. తాళంచెవి ఇంకా వక్కే.

20 జనవరి, సోమవారం

మార్కెట్టుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళకూడదు?

మాకవరపాలెం నుంచి వచ్చిన బెల్లం. కొనేవాళ్ళు ఒక్కొక్కరే చెయ్యి పెట్టారు. తువ్వాలు కింద ఏదో జరుగుతోందని తెలుస్తోంది, ఏం జరుగుతోందో తెలియడం లేదు. గోడ అవతల పెళ్ళి జరుగుతున్నట్టుంది. పిసినారి వర్తకుడు సత్తియ్య చెయ్యి కలిపాడు. బెల్లం మంచిది, సత్తియ్య చూపు దాని మీదే ఉంది. కనుక ఐదు పట్టి ఉంటాడనుకున్నాను. "సత్తియ్యకి, ఐదు" అని కేక పెట్టాను.

సత్తియ్య మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వాడు పట్టింది నాలుగే అయి ఉంటుందని అప్పుడు తెలిసింది. అయినా మారు మాట్లాడలేదు. దళారి నోట వచ్చిన ధరని కాదనడం మా మార్కెట్లో ఎవడూ చెయ్యడు. రైతు నన్ను దీవించి వెళ్ళాడు. సాయంత్రానికి మీరా సాహెబ్, అంటే నేనే, సత్తియ్య చేత కూడా ఐదు కక్కించాడని మార్కెట్టంతా చెప్పుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఉన్నది ఉన్నట్టు చెబితే రాని పేరు ఒక్క తప్పుతో వచ్చింది.

అంతా అల్లా దయ. అయినా మనసులో బెరుకుగా ఉంది.

21 జనవరి

శుభవార్త. చెయ్యి బాగుపడింది!

పొద్దున్న ఆవిడ బాణలి దింపి పెట్టింది. చూసుకోకుండా కుడిచెయ్యి ఆనించాను. మరుక్షణం చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. చురుకు కూడా తెలిసింది. పోస్టుమాస్టరు వచ్చేశాడని డాక్టరు దగ్గరకి దాదాపు పరుగెత్తాను.

ఆయన నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు ఎగిరింది. మీరే ఎత్తారా అన్నాడు. లేదన్నాను. మరెవరు ఎత్తారు అన్నాడు. నేను దిక్కులు చూశాను.

వెన్నుపాము ఎత్తిందట. వేడి తగిలితే వార్త మెదడు దాకా ఎక్కి, అక్కడ పంచాయతీ జరిగి, హుకుం దిగేదాకా ఆగితే చెయ్యి కాలిపోతుంది. అందుకని వెన్నుపాము తనే తేల్చేస్తుంది, మెదడుకి తర్వాత కబురు చేస్తుంది. చురుక్కుమన్నది ఆ కబురేనట, దాన్ని చదవడానికి ఆ పోస్టుమాస్టరు అక్కర్లేదట. అది నా తెలివి కాదు, తెగిపడిన బల్లి తోకకి కూడా ఉండే తెలివి.

"చెయ్యి లాగేసుకోడానికి మెదడు అక్కర్లేదండీ. వేడి గ్లాసు చుట్టం చేతికిచ్చేదాకా పడెయ్యకుండా పట్టుకున్నారనుకోండి, దానికి కావాలి మెదడు."

శుభవార్త వెనక్కి తీసుకుంటున్నాను.

24 జనవరి, శుక్రవారం

జుమ్మా నమాజయ్యాక మార్కెట్టు వైపు వెళ్ళాను. కొట్టు దగ్గర సత్తియ్య తువ్వాలు పరిచాడు. నాకు బుద్ధి ఎటు పోయిందో, ఎడంచెయ్యి చాపాను.

వాడు ఆ చెయ్యి చూశాడు, నన్ను చూశాడు. బేరం అంటే లక్ష్మి, ఎడంచెయ్యి అంటే అశుభ్రం. హిందువులకీ అంతే, మాకూ అంతే. ఎడంచేత్తో పైసా అందుకోను నేను, అలాంటిది ఎడంచేత్తో ధర అందుకోబోయాను. "ఏటి సాయిబూ, ఎకసెక్కమా?" అన్నాడు. అవును, ఎకసెక్కమే అని నవ్వేసి, జలుబు చేసిందని చెప్పి ఇంటికి వచ్చాను. ఇక రోజూ జలుబే.

ఇంటికి రాగానే బుచ్చయ్యపేట నుంచి జగ్గన్న పంపిన కబురు. వచ్చే నెల రెండో సోమవారం బెల్లం వేసుకుని వస్తాడట. ఇరవై ఏళ్ళుగా జగ్గన్న బెల్లం ఇంకొక దళారి చేతి మీదుగా పోలేదు. కిందటేడు వానలు మొహం చాటేశాయి. ఈ ఏడు చెరకు బాగా వచ్చిందని ఎదురుచూస్తున్నాడు. ఆ ఇంటి ఏడాది కష్టం నా తువ్వాలు కిందకి వస్తోంది. నా చెయ్యేమో తాళంచెవిని వక్క అంటోంది.

27 జనవరి

మార్కెట్లో నా అవస్థ ఆవిడకి తెలియదనుకున్నాను. నేను బొత్తాలు చూసి పెట్టుకోవడం, జలుబు లేని జలుబు, అన్నీ లెక్క వేసుకుంటోందని ఈ సాయంత్రం తెలిసింది. చాప వేసి ఎదురుగా కూర్చుని, నా తువ్వాలు లాగి ఇద్దరి మధ్యా పరిచింది. మీ సత్తియ్య ఎలా పడతాడో నేర్పండి, నేను పడతాను అంది.

నేర్పాను. వేలు, కణుపు. నేర్చుకున్న వేగం చూస్తే, ఈవిడ మగాడిగా పుట్టలేదు గానీ, పుట్టి ఉంటే పెద్ద దళారి అయ్యేది. మొదటి బేరం చీరలది. కొత్త చీరలు ఎన్ని కొనాలో తువ్వాలు కింద చెప్పింది. నేను "ఐదు" అన్నాను. తను పట్టింది ఒక్కటేనట. అయినా దళారి మాట దళారి మాటే, సత్తియ్య పాటి ధర్మం తనకీ ఉంది, ఐదు కొనండి అంది.

28 జనవరి

ఎక్కువ తప్పులే. "తప్పు" అంటుంది, మెత్తగా. ఆ మెత్తదనమే నాకు పడదు. చెయ్యి లాగేసుకుని అరుగు మీదకి పోయి కూర్చున్నాను.

30 జనవరి

తప్పు. అరుగు.

1 ఫిబ్రవరి

అరుగు. చలిగా ఉంది.

3 ఫిబ్రవరి

ఈ రోజు మూడు సరిపోయాయి! మధ్యలో ఒకటి తప్పు అనబోయి ఆగింది, మళ్ళీ ఆలోచించుకుని సరే అంది. ఆవిడకే లెక్క తప్పింది, నాకు కాదు.

5 ఫిబ్రవరి

అన్నీ సరి.

6 ఫిబ్రవరి

అన్నీ సరి. ఒకసారి నాకే అనుమానం వచ్చి, మూడు అనిపించినా కావాలని నాలుగు అన్నాను. అదీ సరే అంది. అంటే నా మనసుకంటే నా చెయ్యే తెలివైనదన్నమాట. డాక్టరు చెప్పిన పక్క ఊరి పోస్టుమాస్టరు బాధ్యత తీసుకున్నాడు.

8 ఫిబ్రవరి, శనివారం

అన్నీ సరి. డాక్టరు కబురు పెట్టాడు, మళ్ళీ ఒకసారి తాళంచెవి పరీక్ష చేద్దామని. తీరిక లేదని చెప్పించాను. తాళంచెవులు గుర్తుపట్టడానికా నేను పుట్టింది?

ఈ మధ్య అమీరున్నీసాకి మతిమరుపు వస్తోంది. ధర చెప్పాక కూడా తువ్వాలు తియ్యడం మర్చిపోతుంది. చెయ్యి అలా పట్టుకునే కూర్చుని తన చిన్నప్పటి కబుర్లు చెబుతుంది. వాళ్ళ నాన్న అత్తరు సీసాల సంగతి, రైలు మొదటిసారి చూసి ఏడ్చిన సంగతి. ఇవన్నీ నాకు ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదో. నేనూ తొందరపెట్టలేదు, అభ్యాసం మంచిదే కదా. సోమవారం జగ్గన్న వస్తాడు. జలుబు తగ్గింది.

10 ఫిబ్రవరి, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జగ్గన్న బెల్లం దింపాడు. దిమ్మ కొట్టి చూస్తే లోపలంతా తేనె రంగు. అలాంటి బెల్లం ఈ ఏడు మార్కెట్టుకి రాలేదు. కొనేవాళ్ళు మూగారు. ఒక్కొక్కరి చెయ్యీ తీసుకున్నాను. సత్తియ్య చివర వచ్చాడు. ఇంట్లో కూర్చున్నట్టే నింపాదిగా కూర్చున్నాను, చెయ్యి ఏం చెబుతోందో విన్నాను. నాలుగు అంది. ఏ అనుమానమూ లేకుండా అంది. "సత్తియ్యకి, నాలుగు."

 జగ్గన్న నా మొహం వైపు చూశాడు. తర్వాత తలపాగా సర్దుకుని "బజారు పడిపోయినట్టుంది, బావ" అన్నాడు. అనేసి తూకం దగ్గరకి నడిచాడు. 

టీ కొట్టు దగ్గర సత్తియ్య నన్ను పక్కకి పిలిచాడు. సంతోషంగా ఉన్నాడు.

"మొన్న నేను నాలుగు పట్టితే ఐదన్నావు, నోరెత్తకుండా ఇచ్చేను. నేడు ఐదు పట్టితే నాలుగన్నావు. లెక్క సరిసేసేవు. నువ్వు మాటున్న మనిసివి, సాయిబూ."

తన నష్టం తీర్చడానికి జగ్గన్న కడుపు కొట్టానని మెచ్చుకున్నాడు. వాడి మనసులో చెడు లేదు, నిజంగానే మెచ్చుకున్నాడు. నన్ను తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు, ఏ తిట్టూ ఇంతగా గుచ్చుకోలేదు.

ఇంటికి వచ్చి తువ్వాలు ఆవిడ ముందు విసిరి, పట్టు అన్నాను. పట్టింది. మూడు అన్నాను. సరే అంది. మళ్ళీ అదే పట్టమన్నాను. ఈసారి ఎడంచెయ్యి పెట్టాను. రెండు. చక్కగా, స్పష్టంగా రెండు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను.  ఆవిడ తువ్వాలు మడతపెడుతూ చెప్పింది.

"తప్పంటే లాగేసుకుని అరుగు మీదికెల్లిపోతన్నారు. సరేనంటే ఉంచుతున్నారు. నేనేటి సెయ్యను? ముప్పై ఏళ్ళయిందండీ. నా సెయ్యి ఇంతసేపు మీరు పట్టుకున్నది ఈ నెల్లోనే."

కోపం రావలసినంత వచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సిగ్గు వేసింది. నా చేతికి జబ్బు చేసి నెల అయింది, ఆవిడ చెప్పినది ముప్పై ఏళ్ళది.

కాసేపటికి ఆవిడే, తన తప్పు తనదేనని, మార్కెట్టుకి వెళ్ళబోయే ముందే చెప్పాల్సిందని, నోరు రాలేదని అంది. ఏడ్చింది. ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి, "జగ్గన్నకి సెప్పాల. మీరెల్లకపోతే నేనే బండి కట్టించుకుని ఎల్తాను" అంది. ఎల్తుంది కూడా.

11 ఫిబ్రవరి

అరుగు మీద కూర్చోలేదు. కూర్చోడానికి మొహం లేదు.

12 ఫిబ్రవరి, బుధవారం

బుచ్చయ్యపేట వెళ్ళాను. జగ్గన్న పొయ్యి దగ్గర ఉన్నాడు, ఇంకో వాయి పాకం ఉడుకుతోంది. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, అక్కడికి వెళ్ళేసరికి ఒక్కటీ మిగలలేదు. కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా కుడిచేతికి తువ్వాలు కింద ఏమీ తెలియడం లేదు. సత్తియ్య పట్టింది ఐదు. నాకూ వాడికీ లోపాయికారీ ఏమీ లేదు. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. ఇక దళారీ మానేస్తాను.

పాకం మీది మురికి తీస్తూనే విన్నాడు. నమ్మాడో లేదో మొహంలో తెలియలేదు. తర్వాత నన్ను కళ్ళు మూసుకోమన్నాడు. వీడూ డాక్టరయ్యాడా అనుకుని మూసుకున్నాను. కుడిచేతిలో ఏదో పెట్టాడు. బరువుగా ఉంది, గట్టిగా ఉంది. రాయి అన్నాను.

కళ్ళు తెరిస్తే బెల్లం ముక్క.

జగ్గన్న గరిట పక్కన పెట్టి మరీ నవ్వాడు. అవతల ఉన్న వాళ్ళావిడ మరిడమ్మని పిలిచి చెప్పి మళ్ళీ నవ్వాడు. "నా బెల్లాన్ని రాయన్నోడు ఈ జిల్లాలో నువ్వొక్కడివే, బావ." నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. వాడు నమ్మాడని అప్పుడు తెలిసింది, రాయి అని అబద్ధం ఆడడానికి నాకు అవసరమేముంది?

ఎడంచెయ్యి ఎలా ఉంది అని అడిగాడు. అది బాగానే ఉందన్నాను, కానీ ఎడంచేతి బేరానికి ఎవడొస్తాడు అన్నాను.

"నా బెల్లానికొత్తారు. బెల్లం ఏ సేత్తో తిన్నా తీపే."

మిగతా బెల్లం సోమవారం తెస్తాడట. నేనే అమ్మాలట. నవ్వుతూనే అన్నాడు గానీ, మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు.

13 ఫిబ్రవరి

సత్తియ్యకి చెప్పాను. వాడికి కోపం రాలేదు, నిరాశ వచ్చింది. అయితే నువ్వు లెక్క సరిచెయ్యలేదా అన్నాడు. నేను మాటున్న మనిషిని కాకపోవడం వాడికి నచ్చలేదు. చివరికి, తను పట్టింది ఐదే కనుక జగ్గన్నకి ఐదే ఇస్తానన్నాడు. కిందటి నెల తను ఎక్కువిచ్చిన రూపాయి సంగతేమిటని నేనడిగితే, "అది నా ఖర్మ, నీ మెదడు ఖర్మ" అన్నాడు.

17 ఫిబ్రవరి, సోమవారం

జగ్గన్న బండి మీద నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు. సాయిబు కుడిచెయ్యి మెదడుతో తగువు పెట్టుకుంది, నేటి నుంచి ఎడంచెయ్యే బేరమాడుతుంది, ఇష్టం లేనోళ్ళు నా బెల్లం కొనక్కర్లేదు. ఆ బెల్లం ఎదురుగా కనబడుతోంది. అయినా ముందుకి ఎవరూ రాలేదు. ఇద్దరు వర్తకులు మొహాలు చిట్లించి వెళ్ళిపోయారు. వాళ్ళు మళ్ళీ నా దగ్గరకి రారేమో. నేను తువ్వాలు పరిచి, ఎడంచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. నా గుండె చప్పుడు నాకే వినిపించింది, ఆ కాడ నిద్రపోదని డాక్టరు చెప్పింది నిజం.

సత్తియ్య వచ్చాడు. కుడిచెయ్యి చాపబోయి ఆగాడు. నా ఎడంచేతిని దానితో పట్టుకోవడానికి మనసొప్పలేదు. 

"నీది ఎడమైతే నాదీ ఎడమే" అని తన ఎడంచెయ్యి దూర్చాడు.

ఆ చేతికి బేరం అలవాటు లేదు. ఏ వేలు ఏదో తెలియక తడుముకున్నాడు, రెండుసార్లు మొదటికి వచ్చాడు. సత్తియ్య మెదడులో ఆ పక్క పోస్టుమాస్టరు కూడా కొత్తవాడే. నాకు మాత్రం అంతా తెలిసింది. వాడి వేలికున్న ఉంగరం, గోరు పక్క పగులు, ఐదు వేళ్ళు, మీద రెండు కణుపులు. నెల రోజుల తర్వాత ఒక చెయ్యి నాతో తెలుగులో మాట్లాడింది. ధర చెప్పాను. జగ్గన్న తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు, ఎడంచేతులతోనే.

21 ఫిబ్రవరి, శుక్రవారం

పొద్దున్న డాక్టరు తాళంచెవి పెట్టాడు. గవ్వ అన్నాను. వక్క నుంచి గవ్వకి వచ్చాం, ఇది అభివృద్ధే అని రాసుకున్నాడు. ఇంతకంటే వస్తుందో రాదో ఆయనకీ తెలియదు, ఈసారి దాచకుండా చెప్పాడు. మెదడు కూర ఉందేమోనని వంటింటి వైపు చూశాడు. లేదు. చీరలకే సరిపోయింది ఈ నెల.

సాయంత్రం అమీరున్నీసా దీపం పెట్టి చాప వేసింది. తువ్వాలు పరిచింది. మార్కెట్టు ఎడంచేతికి ఒప్పుకుంది కదా, ఇంకా ఎందుకు ఇది అన్నాను.  తువ్వాలు అంచు సర్దుతూ కూర్చుంది.

కుడిచెయ్యి పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. ఏదో పట్టింది. గోడ అవతల పెళ్ళి ఇంకా జరుగుతూనే ఉంది. చాలాసేపు విని, మూడు అన్నాను.

"తప్పు" అంది, మెత్తగా.

చెయ్యి అక్కడే ఉంచాను.